చాలు అన్న మాట

ఈ మధ్యాహ్నం మా మనవరాలు కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలు తాతా" అన్నది. ఆ పిల్లకు వచ్చిన నాలుగైదు తెలుగు మాటల్లో అదొకటి. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎనభైలలో, వానలకు ముందు ఒక రోజు, ఒక మనిషి నాతో అదే మాట అన్నాడు. నేను తప్పుగా విన్నాను. తప్పు పూర్తిగా నాదే.

బొంబాయి కామాటిపురాలో పుట్టి, మరాఠీ బడిలో చదివి, మురుగు కాల్వలు బాగుచేయించే ఒక కాంట్రాక్టరు దగ్గర ముకాదంగా, అంటే కూలీల మీద పెద్దగా ఉండేవాణ్ణి. మా తాతలు రాళ్ళు మోసినవాళ్ళే అయినా, పనిలో తెలుగు మాట్లాడితే నన్నూ తట్ట మోసేవాడిలా చూస్తారని నాకు నామోషీ. మేముండే చాల్‌లోనే, అంటే ఆ వరసగదుల ఇంట్లోనే, కింది గదిలో భార్యతో ఉండే పాలమూరు మనిషి నా కింద కూలీగా చేరాడు. అతనికీ మరాఠీలోనే పని చెప్పేవాణ్ణి. ఒకసారి నలుగురి ముందూ నవ్వుతూ అడిగాడు: "గటర్ల నీళ్లకు గూడ మరాఠీనే సమజైతదా, సాబ్?" అందరూ నవ్వారు. నాకు లోపల మండింది.

ఆ వారం గల్లీలో పిల్లలకు వాంతులు, విరేచనాలు. ఆరోగ్య ఇన్‌స్పెక్టరు మధ్యాహ్నం తనిఖీకి వస్తాడని, ఆలోగా కాల్వ పారాలని కబురు. ఆ పాలమూరు మనిషి నడుముకు తాడు కట్టుకుని మ్యాన్‌హోల్‌లోకి దిగి, వెదురుబద్దతో అడ్డును కదిలిస్తున్నాడు. మేము ఎగువనున్న ఇంకో మ్యాన్‌హోల్ మూత తెరిచి ట్యాంకరు నుంచి కొద్దికొద్దిగా నీళ్ళు వదలాలి, అతను ఆపమన్నప్పుడు ఆపాలి. ఆపమనడానికి ఏ మాట అనాలో నేను ముందుగా చెప్పలేదు.

లోపలి నుంచి "చాలు, చాలు" అని కేక వచ్చింది. మరాఠీలో చాలూ అంటే సాగనివ్వమని. నేను ట్యాంకరు వాడికి చెయ్యి ఊపి ఇంకా వదలమన్నాను. అడ్డు ఒక్కసారిగా తెగింది. మేము తాడు గుంజి పైకి తీసేసరికి అతనిలో ఊపిరి లేదు.

మా అమ్మ అన్నం వడ్డిస్తుంటే నేను రోజూ అనే మాటే అది. ఆ మాట నాకు నిజంగా తెలియలేదో, తెలుగు వినకూడదని నా చెవులకు నేనే నేర్పుకున్నానో, ఇప్పటికీ చెప్పలేను. అడిగినవాళ్ళకు కాలు జారిందని చెప్పాను.

దినాలు అయ్యాక అతని భార్య ఊరికి మూట కట్టుకుంటుంటే గుమ్మం దగ్గరకు పోయి, మొదటిసారిగా ఆమెతో తెలుగులో, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె మూట ముడి బిగించింది. తరవాత, "బువ్వ పెట్టినా గట్లనే అంటుండె. రెండుసార్లు," అని తలుపు వేసుకుంది.

మరునాడు ఆఫీసుకు పోయి, కాలు జారలేదని, నీళ్ళు వదిలించింది నేనేనని రాసిచ్చాను. ముకాదం పని పోయింది. ఆ తరవాత ఏళ్ళ తరబడి వేరే జట్టులో తాడు పట్టుకునే పని చేశాను. దిగబోయే ప్రతివాణ్ణీ, ఆపమనాలంటే ఏమంటావని అడిగి, ఆ మాట వాడి నోట మూడుసార్లు విన్నాకనే దిగనిచ్చేవాణ్ణి.

ఇప్పుడు ఆ గల్లీలోకి యంత్రాలు వచ్చాయి. తెలుగులో పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. మా ఇంట్లోనూ పిల్లలంతా మరాఠీయే. మనవరాలికి ఆ నాలుగైదు మాటలు వాళ్ళ నానమ్మ నేర్పింది. చాలు అన్న మాట మాత్రం నేను నేర్పాను.