‘అనాదిగా’ అనే మాట

పోయిన నెల ఒక ఆదివారం మా మేనల్లుడు, సంఘ పెద్ద ఒకాయనను వెంటబెట్టుకుని గుణదలలోని మా ఇంటికి వచ్చాడు. పామర్రు అవతల మా ఊళ్లో, కాలువ కట్ట మీద, వాళ్లు ఆరేళ్ల క్రితం నిలబెట్టిన పెద్ద సిమెంటు సిలువకు ఇప్పుడు సర్కారు నోటీసు వచ్చిందట. సర్వీసంతా ఆఫీసు కాగితాల మధ్యే గడిపినదాన్ని గనుక జవాబు నేనే రాసిపెట్టాలని వాళ్ల కోరిక. నాకు శ్రమ లేకుండా చిత్తు ప్రతి కూడా తెచ్చారు. అందులో మొదటి వాక్యమే ‘సదరు సిలువ అనాదిగా అక్కడ ఉన్నది’ అని. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాను. నా ముఖం చూసి బీపీ అనుకున్నారేమో, మేనల్లుడు మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

ఆ మాటను ఒకప్పుడు నా చేతులతో నేనే టైపు కొట్టాను.

డెబ్భైల మొదట్లో, కచేరీల్లోకి తెలుగు టైపు మిషన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో, తెలుగు టైపు లోయరు పాసైన పుణ్యాన బెజవాడలో కాలువల పనులు చూసే ఒక ఆఫీసులో నాకు తాత్కాలికపు ఉద్యోగం దొరికింది. నాకంటే మా నాన్నే ఎక్కువ పొంగిపోయాడు. ఆయన మిషనరీల బడిలో తెలుగు మాస్టారు. సర్కారు తెలుగులో ఉత్తరం రాస్తోందంటే, అది వచ్చి మన అరుగు మీద కూర్చుని మాట్లాడుతున్నట్టే అనేవాడు. నా గొప్ప చూపించుకోవడానికి సాయంత్రాలు పని అయ్యాక ఆఫీసు మిషను మీదే ఇంటికి ఉత్తరాలు కొట్టేదాన్ని. ఆఫీసు కాగితం మీదే లెండి, ఇన్నేళ్లకు నన్నెవరూ అడగరు. ఆ మిషనుకు ఒక జబ్బుండేది: ‘ర’ ఎప్పుడు కొట్టినా మునివేళ్ల మీద నిలబడ్డట్టు గీత కంటే కొంచెం పైకి పడేది. నాన్న నా ఉత్తరాల్లో తప్పులు ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపేవాడు, చివర ‘నీ ర-కి పొగరెక్కువ’ అని రాసేవాడు. ఆ ఎర్ర సిరా కోసమే ఒకటి రెండు తప్పులు కావాలని కొట్టిన వారాలూ ఉన్నాయి.

మా రేవు దగ్గర కట్ట మీద ఒక తాటిదూలపు సిలువ ఉండేది. మా పెద్దవాళ్లు ఆ కాలువలోనే బాప్తిస్మం తీసుకున్నప్పుడు, నాన్నకింకా పెళ్లి కాకముందు నిలబెట్టింది. ఏటా ఈస్టరుకు దానికి సున్నం వేసేవాళ్లం. దానికి పదడుగుల దూరంలో పసుపు పూసిన అమ్మవారి రాయి ఒకటి ఉండేది. దాన్ని చేపలమ్ముకునే మా పొరుగు పిన్ని వాళ్ల అత్తగారు తెచ్చి పెట్టింది, అప్పుడు నేను నాలుగో తరగతి. వలకు వెళ్లిన కొడుకు పడవ తిరగబడినా ప్రాణాలతో ఇల్లు చేరాడని మొక్కు చెల్లించుకుంది. ఆ రాయిని బస్సు దింపి కట్ట దాకా మోసుకొస్తుంటే వెనక నడిచిన పిల్లల్లో నేనూ ఉన్నాను. సిలువకు వేయగా మిగిలిన సున్నం నాన్న ఆ రాయి కింది అరుగుకు ఇచ్చేవాడు. పిన్ని పొంగలి వండిన రోజున, నైవేద్యం పెట్టింది మేము తినమని తెలుసు గనుక, అమ్మవారికి చూపించకముందే మా వాటా గిన్నెలోకి తీసి పక్కన పెట్టేది. ఎవరూ చెప్పకుండానే జరిగిపోయేవి ఇవన్నీ.

కట్టను వెడల్పు చేసి రోడ్డు వేయాలని నిర్ణయమైంది. రెండింటికీ నోటీసులు నేనే కొట్టాను, ఒకే రోజు, ఒకే మాటలతో. సిలువా ‘ఆక్రమణే’, రాయీ ‘ఆక్రమణే’. నాది ఆ ఊరేనని తెలిసి ఇంజనీరు గారు నన్ను పిలిచారు. మంచివారనే ఆయనకు పేరు. ఆడపిల్లలను పొద్దు ఉండగానే ఇళ్లకు పంపేవారు.

“ప్రభుత్వానికి మతం లేదమ్మా. తీస్తే రెండూ తీస్తాం. మీ నాన్నగారు ముందు తీయిస్తే ఇంకెవరూ మారు మాట్లాడరు,” అన్నారు.

ఆ మొదటి మాట నాకెంత నచ్చిందో చెప్పలేను. దాన్ని కొంగున ముడేసుకుని ఊరు వెళ్లాను. సంఘ పెద్దలు ససేమిరా అన్నారు. నాన్న ఒక్కొక్కరి గుమ్మం ఎక్కి, సర్కారు అందరినీ సమానంగా చూస్తానంటుంటే మనమే అడ్డం పడకూడదని నచ్చజెప్పాడు. చివరికి అందరిలోకీ పెద్దాయన, “నీ కూతురి మాట మీద తీస్తున్నాం మాస్టారూ, సర్కారు మాట మీద కాదు,” అని ఒప్పుకున్నాడు. మర్నాడు పొద్దున్నే నాన్నే గునపం పట్టి మొదలు తవ్వాడు. దూలానికి అంటిన మట్టిని కాలువ నీళ్లతో కడిగి, నలుగురితో మోయించి, మా పశువుల కొట్టం అటక మీద పెట్టించాడు. పిన్ని అక్కడే నిలబడి, వచ్చే వారం తన రాయి తీసేటప్పుడు కూడా ఓ చెయ్యి వేయమని నాన్నను అడిగింది.

ఆ వచ్చే వారం రానే లేదు. నెల తిరిగాక ఇంజనీరు గారు ఒక చిత్తు నా బల్ల మీద పెట్టారు. ‘సదరు దేవతామూర్తి అనాదిగా అచ్చట ఉన్నందున’ ఆ మేరకు రోడ్డును పక్కకు జరపవలసిందని అందులో ఉంది. పక్కకంటే ఎటో తెలుసా, మా సిలువ తీసిన చోటు మీదుగా. కాగితం పట్టుకుని ఆయన గదిలోకి వెళ్లాను. అది అనాదిగా లేదండీ, దాన్ని తేవడం నేను చూశానండీ అన్నాను. ఆయన తల ఎత్తలేదు.

“పైనుంచి వచ్చిందమ్మా. కొట్టిచ్చెయ్.”

నమ్మించి గొంతు కోశారని ఆయన్ను చాలా ఏళ్లు తిట్టుకున్నాను. కానీ కొట్టింది నేను. నాది తాత్కాలికపు ఉద్యోగం, కాదంటే మర్నాడు ఇంకో అమ్మాయి ఆ కుర్చీలో ఉండేది, ఇవన్నీ నిజమే. అయినా ఒక అసలు, మూడు కార్బను ప్రతులు, ఎక్కడా ఒక్క తప్పు లేకుండా కొట్టానే, అది తలచుకుంటే నాకిప్పటికీ తలవంపులుగా ఉంటుంది. నాన్న ఎర్ర సిరా కోసం తప్పులు కొట్టగలిగిన దాన్ని, ఆ ఒక్క మాట దగ్గర వేలు తడబడనివ్వలేకపోయాను.

ఒక ప్రతి మా ఊరి పంచాయతీకి వెళ్లింది. అందరికీ అర్థమయ్యేలా చదివి వినిపించమని మాస్టారినే పిలిచారట. మొదటి వాక్యంలోనే ‘ర’ మునివేళ్ల మీద నిలబడి కనిపించి ఉంటుంది. ఆయన ఎక్కడా ఆగకుండా చివరి దాకా చదివి, కాగితం మడిచి ఇచ్చి, తిన్నగా ఇంటికి వచ్చేశాడని తర్వాత పిన్ని చెప్పింది.

“మా అత్త తెచ్చిన రాయేనని నేను చెప్పానమ్మాయ్. ఎవరూ రాసుకోలేదు,” అంది. ఆవిడ కళ్లు నా వైపు లేవు.

క్రిస్మసు దాకా నేను ఊరు వెళ్లలేదు. వెళ్లినప్పుడు నాన్న కోప్పడలేదు. అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ, బడిలో పిల్లను అడిగినట్టే అడిగాడు.

“‘అనాది’ అంటే ఎన్నేళ్లమ్మా?”

నేను కంచాలు ఎత్తుకుని పెరట్లోకి వెళ్లాను. ఆయన మళ్లీ అడగలేదు. ఆ తర్వాత నేను రాసిన ఏ ఉత్తరమూ ఎర్ర సిరాతో తిరిగి రాలేదు. కావాలని తప్పులు కొట్టి చూశాను కూడా. క్షేమమని రెండు ముక్కల కార్డు వచ్చేది. ఆయన పోయేదాకా అంతే. పిన్ని కూడా పొంగలి గిన్నె తేవడం మానేసింది, కోపంతో కాదు, సిగ్గుతో. కొన్నాళ్లకు ఆ రాయికి ఒక కమిటీ, గుడి, తాళం వేసిన ఇనుప తలుపు వచ్చాయి. చేపల గంపతో వచ్చిన రోజుల్లో ఆవిడ ఆ తలుపు బయటి నుంచే దణ్ణం పెట్టుకునేది.

మేనల్లుడి చిత్తులో ‘అనాదిగా’ కొట్టేసి ‘ఆరేళ్లుగా’ అని రాశాను. అలా రాస్తే రేపే పడగొడతారని, అందరూ అనాదిగా అనే రాస్తున్నారు కదా అత్తా అని అతను నొచ్చుకున్నాడు. నిజమే, ఆ విద్య మాకు నేర్పింది సర్కారే. మొన్న ఫోను చేసి తెలుసుకుంటే, పామర్రులో కంప్యూటరు మీద మళ్లీ కొట్టించి పంపారట, పాత మాటే పెట్టి. ఇప్పటి కంప్యూటర్లలో ‘ర’ బుద్ధిగా గీత మీదే కూర్చుంటుంది. అది ఎవరి కూతురు కొట్టిన అబద్ధమో ఏ నాన్నా గుర్తుపట్టలేడు.