నా ప్రశ్న, ఆమె జవాబు

పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులవి. కోట దగ్గరి హైస్కూల్లో పదో తరగతి చదివేదాన్ని. పౌరశాస్త్రంలో క్లాసుకంతా నేనే ఫస్టు. శాసనసభ గురించి ఏది అడిగినా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పేదాన్ని.

ఆ ఏడు కావలి నుంచి ఒక పాస్టరుగారి కూతురు వచ్చి మా క్లాసులో చేరింది. వాళ్ల మామయ్య ఆమెకు హైదరాబాదులో శాసనసభ చూపించాడట. అది తెలిసినప్పటి నుంచీ సోషల్ మాస్టారు నావైపు చూడడం మానేశారు. స్పీకరు ఎక్కడ కూచుంటాడు, సభ్యులు ఎట్లా లేస్తారు, అన్నీ ఆమెనే అడిగేవారు. ఆమె నింపాదిగా నిలబడి చెప్పేది. చర్చిలో పాడే గొంతు, వెనక బెంచీ దాకా వినిపించేది. అది వినపడితే చాలు, నా కడుపు మండిపోయేది.

మాస్టారు క్లాసులోనే శాసనసభ జరిపిస్తామన్నారు. హెడ్మాస్టరుగారు స్పీకరు. ముఖ్యమంత్రి ఆమె. నన్ను ప్రతిపక్షంలో కూచోబెట్టారు. దాని మీదట రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

పుస్తకంలోని ప్రశ్న ఏది అడిగినా ఆమె చెప్పేస్తుంది. అందుకే పుస్తకంలో లేనిది వెతికాను. మా బళ్లో ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేదు. ఒకరికొకరు కాపలా ఉండి వెనక సరుగుడు తోపులోకి పోవలసిందే. ఉందంటే అబద్ధం, లేదంటే హెడ్మాస్టరుగారి ముందు పరువు తక్కువ. ఇక తప్పించుకోలేదనుకున్నాను.

లేచి, మన బళ్లో ఆడపిల్లలకు దొడ్డి ఉందా లేదా అని అడిగేశాను. మగపిల్లలు తలలు దించుకున్నారు. ఆమె హెడ్మాస్టరుగారి వైపు తిరిగింది.

"అధ్యక్షా, ఆమె అడిగింది నిజమే. మేమందరం ఆ తోపులోకే పోతుండాం. ఈ నెలలో కట్టిస్తామని మాటిస్తుండాం. కట్టించకపోతే రాజీనామా చేస్తాను."

క్లాసంతా చప్పట్లు కొట్టింది. నెల తిరక్కుండానే బడి వెనక దొడ్డి గోడలు లేచాయి. ప్రార్థన వేళ హెడ్మాస్టరుగారు ముఖ్యమంత్రి మాట నిలబెట్టుకుందని ఆమెను మెచ్చుకున్నారు. ప్రశ్న ఎవరిదో ఎవరికీ గుర్తు లేదు.

ఒక్క ఆమెకే గుర్తుంది. ఆ సాయంత్రం నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నది.

"నువ్వు అడగబట్టే గదమ్మే వచ్చింది. నాకైతే అడిగే ధైర్యం లేదు."

ఆ మంచితనం కూడా ఆమెకే ఉండాలా అని నాకు ఇంకా కోపం వచ్చింది. వెనక్కి తిరిగి ఇంటికి పోయాను.

ఆ తర్వాత కూడా నేను తోపులోకే పోయాను. తోడు రమ్మంటే స్నేహితురాళ్లు నవ్వారు. ఒంటరిగానే పోయేదాన్ని. కార్తీక మాసపు వానలకు తోపులో మోకాలి లోతు నీళ్లు నిలిచాక ఇక దారి లేకపోయింది. ఆ రోజు మొదటిసారి ఆ గోడల లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. గడియ చక్కగా పడింది. అక్కడే నిలబడి చాలాసేపు ఏడ్చాను.