అంచులో ఎర్రపోగు

మాది ఎమ్మిగనూరు. మా చేనేత దుప్పట్లు విదేశాలకు పోతాయి. మాతో విడిపోయి ఆదోని చేరిన మా మరిది, మరమగ్గాల దుప్పట్లకు మా లేబుల్ కుట్టి ఎగుమతి చేస్తున్నాడని తెలిసి, మా ట్రేడ్‌మార్కును కస్టమ్స్‌లో నమోదు చేయించాను. నిరుడు చెన్నై రేవులో అతని సరుకు ఆపి, గుర్తుపట్టమని నన్ను పిలిచారు.

“వదినా, మీవేనని ఒక్క మాట సెప్పు, కాళ్లు పట్టుకుంటా” అన్నాడు మరిది.

మా అత్త ప్రతి దుప్పటి అంచులో ఒక ఎర్రపోగు వేయించేది. అది దండగని నవ్వింది ఇతనే.

“మీ అమ్మ వేయమన్న ఎర్రపోగు యాడుందప్పా?” అన్నాను.

“ఇవి మావి కావు సార్” అని ఆఫీసరుకు చెప్పి సంతకం పెట్టాను.

సరుకంతా నాశనం చేశారు. నాకు పాపమనిపించలేదు. ఇప్పుడు అంచులో రెండు ఎర్రపోగులు వేయిస్తున్నాను. ఒకటి మా అత్త గుర్తు. రెండోది అతను చూసి ఏడవడానికి.