ద్రాక్షకల్లు చదువు

మా ఇద్దరిలో వైన్ చదువు చదవాలని ముందు అనుకున్నది నేను. ఎవరైనా అడగకముందే ఈ మాట చెప్పేయడం నాకు అలవాటైపోయింది.

ఎల్బీ నగర్‌లో మేం ఉండే ఇంటికి దగ్గర్లోనే ఒక హోటల్లో నేను స్టీవార్డ్‌ని. ఆర్డరు తీసుకోవడం, వడ్డన చూసుకోవడం నా పని. మా ఆవిడ ఇంకో హోటల్లో రిసెప్షన్‌లో చేసేది. ఇద్దరం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే కాలేజీలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివాం. మాది పెద్ద అంబర్‌పేట్. వాళ్ళు గుంటూరు వైపు నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడ్డవాళ్ళు. పెద్దవాళ్ళు మొదట గొణిగారు, తర్వాత వాళ్ళే ముందుండి పెళ్ళి చేశారు. కాలేజీలో మార్కులు నాకే ఎక్కువ వచ్చేవి. ఇది కూడా ముందే చెప్పాలి.

మా హోటల్లోకి బెంగళూరు నుంచి ఒకతను వచ్చి చేరాడు. నాకంటే వయసులో చిన్న, అనుభవంలో ఇంకా చిన్న. కోటు మీద ద్రాక్షగుత్తి బొమ్మున్న పిన్ను పెట్టుకునేవాడు. ఏ తిండికి ఏ వైన్ నప్పుతుందో చెప్పి, సీసా తెరిచి పోయడం వరకే అతని పని. పళ్ళాలు మోసేది మేము, కబుర్లు చెప్పేది అతను. ఏళ్ళ తరబడి నన్ను పేరు పెట్టి పిలిచిన గిరాకీలు కూడా, నేను పక్కనే నిలబడి ఉన్నా, "ఆ వైన్ అతన్ని పిలువు" అనడం మొదలుపెట్టారు. ఒళ్ళు మండిపోయేది. ఆ పిన్ను నాకూ కావాలి అనుకున్నాను. అంతే, స్కూళ్ళు వెతకడం మొదలుపెట్టాను.

ఆదివారం భోజనానికి కొత్తపేట వెళ్ళినప్పుడు ఈ సంగతి చెబితే మా అత్తగారు ముద్ద కలపడం ఆపేశారు.

"అంటే, వైన్స్ పెడతారా అల్లుడుగారూ?" అన్నారు. మన ఊళ్ళో వైన్స్ అంటే బ్రాందీ షాపే మరి.

"కాదత్తమ్మా, వైన్ గురించి చదువుకుంటా. గదొక కోర్సు."

"తాగేదానికి చదువెందుకండీ?" అని ఆవిడ మజ్జిగ వడ్డించారు. మా ఆవిడ నవ్వింది. అప్పటికి ఆ చదువు మీద ఆమెకు ఏ ఆసక్తీ లేదు. తోడుగా వస్తానంది, అంతే.

మొదట చూసిన స్కూలు దిల్‌సుఖ్‌నగర్‌లోనే. బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటరు మీది అంతస్తులో రెండు గదులు. ఒక గోడ నిండా అద్దం. కౌంటరు మీద వరసగా సీసాలు, వాటిలో రంగు నీళ్ళు. డైరెక్టరు నన్ను చూడగానే లేచి చెయ్యి కలిపాడు.

"మంచి హైటున్నవ్ అన్నా. బార్ కౌంటర్ ఎనకాల నిలబడితే మస్తుంటవ్. షిప్పు జాబా, దుబాయా, గది చెప్పు జర."

నాకు ఆ మాటలు తేనెలా ఉన్నాయి. మా ఆవిడ మాత్రం సీసాల వంక చూస్తూ అడిగింది. "ఇక్కడ వైన్ రుచి చూపిస్తారా అండీ? రంగు నీళ్ళేగా ఇవి?"

"సీసా గాల్ల తిప్పుడు ముఖ్యం మేడమ్. గా రుచి తర్వాతనన్నా ఒస్తది."

"పాఠాలు చెప్పేవాళ్ళు ఎక్కడ పనిచేశారు? మీరిచ్చే సర్టిఫికెట్‌ని పెద్ద హోటళ్ళు గుర్తిస్తాయా? ఇక్కడ చదివినవాళ్ళతో ఒకసారి మాట్లాడొచ్చా?"

డైరెక్టరు నా వైపు తిరిగి, "మేడమ్ ఇంటర్వ్యూ చేస్తున్నరేంది!" అని నవ్వాడు. నేనూ అతనితో కలిసి నవ్వాను. మెట్లు దిగుతుంటే, "నీ కోసమేగా అడిగాను" అంది ఆమె. ఆ ప్రశ్నలు నాకెందుకు తట్టలేదా అని లోపల చిన్న ముల్లు గుచ్చుకుంది.

రెండో స్కూలు ఊరికి ఆ చివర, రాయదుర్గం వైపు. మెట్రోలో అమీర్‌పేటలో మారి వెళ్ళాం. అక్కడ వైనుతోపాటు విస్కీ, రమ్ము లాంటివాటి మీద కూడా పాఠాలుంటాయి. పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చేది విదేశీ సంస్థ. చేరాలనుకునే వాళ్ళ కోసం ఆ రోజు ఒక నమూనా క్లాసు. చెప్పే ఆవిడ నడివయసు మనిషి, చాలాకాలం హోటళ్ళలోనూ తర్వాత ద్రాక్షతోటల్లోనూ పనిచేసిందట. నేను అప్పటికే నెలల తరబడి ఫోనులో వీడియోలు చూసి, దేశాల పేర్లు, ద్రాక్షల పేర్లు బట్టీ పట్టి ఉన్నాను. ముందు వరసలో కూర్చున్నాను. మా ఆవిడ నా పక్కన ఖాళీగా ఉందని కూర్చుంది.

తెల్ల వైన్ పోసిన గ్లాసులు అందరికీ ఇచ్చారు. "తాగొద్దు. వాసన చూసి ఏం తోస్తే అది చెప్పండి" అంది మేడమ్.

నేనే ముందు చెయ్యెత్తాను. "ద్రాక్షపండ్లు" అన్నాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మేడమ్ నవ్వకుండా, "ఇంకా?" అంది. నా గ్లాసులో ఇంకేం లేదు. చల్లటి నీళ్ళ వాసన తప్ప ఏం లేదు. వీడియోల్లో విన్నవి గుర్తు తెచ్చుకుని, "ఆపిల్, నిమ్మ, వెన్న" అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. "చదివింది చెబుతున్నారు. వాసన చూసి చెప్పండి" అంది మేడమ్.

అప్పుడు మా ఆవిడ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, మెల్లగా, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అంది. "మా ఇంటి వెనక పండ్ల మార్కెట్ ఉండేది మేడమ్. ఇప్పుడు లేదు, తీసేశారు. సాయంత్రం లారీలు వెళ్ళిపోయాక నేలంతా నీళ్ళు చల్లేవాళ్ళు. తడిసిన గడ్డి, నలిగిన బత్తాయి తొక్క, ఎక్కడో అడుగున బాగా ముగ్గిన అనాసపండు. అచ్చం ఆ వాసన."

మేడమ్ తన గ్లాసు తీసి మళ్ళీ వాసన చూసింది. కళ్ళు మూసుకుంది. "అనాస. అవును. నేను పొద్దున్నించీ దీన్నే వెతుకుతున్నాను" అంది. తర్వాతి గ్లాసులు మేడమ్ రుచి చూసి, మింగకుండా ఉమ్మేసి చూపించింది. ప్రతి గ్లాసుకీ అందరూ మా ఆవిడ వంకే చూశారు. నేనూ చూశాను. ఎప్పుడో మార్కెట్ పక్కన పుట్టి పెరగడం కూడా ఒక చదువేనా? నేను కూర్చుని రాత్రింబగళ్ళు బట్టీ పట్టింది దేనికి?

తిరుగు మెట్రోలో మూసారాంబాగ్ దాటాక ఆమె అంది. "నాకూ చేరాలనుంది."

"నువ్వు జిందగీల ఒక్క చుక్క తాగలే!"

"వాళ్ళు ఉమ్మేస్తారుగా, చూశావుగా. రుచి చూసి ఉమ్మేయడమే."

"ఐడియా నాది."

"నాది అనలేదుగా నేను. నువ్వూ చేరు, ఇద్దరం చేరదాం."

కానీ క్లాసులు శని, ఆదివారాలు. మా హోటల్లో ఆ రెండు రోజులే జనం విరగబడతారు, సెలవు మాట ఎత్తితే మేనేజరు మీద పడతాడు. ఆమెకేమో రిసెప్షన్‌లో డ్యూటీ మార్చుకునే వీలుంది. ఎవరూ నన్ను కాదనలేదు, ఎవరూ ఆమెను ఎంచుకోలేదు. అంతా దానంతటదే ఆమె వైపు ఒరిగింది. తిట్టడానికి ఒక మనిషి కూడా దొరకలేదు నాకు.

మా అమ్మయినా నా పక్షం మాట్లాడుతుందనుకుని పెద్ద అంబర్‌పేట్ వెళ్ళాను. మా నాన్న ఉన్నన్నాళ్ళూ తాటిచెట్లు గీసి కల్లు అమ్మిన మనిషి. కోడలు మందు చదువు చదువుతుందంటే అమ్మ ఊరుకోదనుకున్నాను. అమ్మ విని, "ద్రాక్షపండ్ల కల్లేనా గది?" అంది.

"గట్లనే అనుకో."

"మరి మంచిదే గదా. మనింట్ల కల్లు ఎరుక లేనోళ్ళెవ్వరు? పొద్దుగాల్ది ఎట్లుంటది, మాపటిది ఎట్లుంటది నాకెరుక. బిడ్డను పోనియ్యి. నువ్వెందుకురా మొఖం గట్ల వెట్టినవ్?"

కన్నతల్లి కూడా అటే. ఆ రోజు బస్సులో వస్తూ, నా ఇంట్లో నేను ఒంటరివాణ్ణని గట్టిగా నమ్మాను.

మంకుతనంతో దిల్‌సుఖ్‌నగర్ స్కూల్లో చేరిపోయాను. అక్కడ క్లాసులు మామూలు రోజుల్లో పొద్దున పూట. సీసా గాల్లోకి ఎగరేసి వీపు వెనక పట్టుకోవడం నాకు తొందరగానే పట్టుబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. డైరెక్టరు నా ఫోటో తీసి ఫ్లెక్సీ వేయించాడు. మెట్రో స్టేషన్ కింద షేర్ ఆటోలు ఆగే చోట, సీసా పట్టుకుని నేను. ఆమెకు చూపిస్తే, "చొక్కా ఇస్త్రీ చేయించాల్సింది" అంది. మెచ్చుకోలేకపోయిందని సంబరపడ్డాను. తనకూ కొంచెం కుళ్ళుంటే బాగుండుననిపించేది. లేదు. అదే నన్ను ఇంకా మండించేది.

ఇంట్లో ఆమె చదువు వేరుగా ఉండేది. ధనియాలు దంచి వాసన చూసేది, పచ్చివి ఒక గిన్నెలో, వేయించినవి ఒక గిన్నెలో. తులసికోటలో నీళ్ళు పోసి వంగి మట్టి వాసన చూసేది. రైతుబజారుకు వెళితే కూరలు కొనడం మానేసి పళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని నిలబడేది. ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు నేనూ ఆ గిన్నెలు ఎత్తి చూసేవాణ్ణి. ధనియాలు ధనియాల్లా కనిపించేవి, అంతే. అందులో పచ్చివి ఏవో, వేయించినవి ఏవో కళ్ళతో తప్ప తెలిసేది కాదు. ఆమె ఏదో కల్పించి చెబుతోందేమో, మేడమ్ తలాడిస్తోందేమో అనుకునేవాణ్ణి.

ఒకరోజు సాయంత్రం స్టవ్ మీద పాలు పెట్టి, బట్టలు తేవడానికి ఆమె మేడ మీదకు వెళ్ళింది. నేను వంటింటి గడప పక్కనే కుర్చీలో కూర్చుని ఫోను చూస్తున్నాను. మెట్లమీంచి పరుగెత్తుకొచ్చింది.

"పాలు మాడి గిన్నె నల్లబడిపోయింది! పక్కింటావిడ బయటికొచ్చి చూస్తోంది. నీకు వాసన రాలేదా?"

"రాలే" అన్నాను.

ఆమె స్టవ్ ఆపేసి, నన్ను చూస్తూ నిలబడిపోయింది. కోప్పడుతుందనుకున్నాను. ఇంగువ డబ్బా, కాఫీపొడి, కర్పూరం తెచ్చి, "కళ్ళు మూసుకో" అంది. ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టింది. కర్పూరం చల్లగా తగిలింది. మిగతా రెండూ ఏమిటో చెప్పలేకపోయాను. ఇంగువ కూడా తెలియలేదు నాకు.

కొత్తపేటలో ముక్కు, చెవుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. ఆయన చాలా ప్రశ్నలు అడిగాడు. కరోనా సమయంలో వచ్చిన జ్వరం గురించి అడిగినప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు కొన్నాళ్ళు కూరకు రుచి తెలియలేదు. తర్వాత ఉప్పూ కారం తెలిశాయి కాబట్టి అంతా బాగయిందనుకున్నాను. వాసన పూర్తిగా తిరిగి రాలేదని నాకే తెలియదు. డాక్టరు, "వస్తుందనీ చెప్పలేను, రాదనీ చెప్పలేను. రోజూ నాలుగైదు వాసనలు చూపిస్తూ ముక్కుకు అలవాటు చేయండి" అన్నాడు.

బయటికొచ్చి ఆటో ఎక్కాక ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నాతో ఎందుకు చెప్పలేదు?" అంది. "నాకెరుకైతే గదా చెప్పేటందుకు" అన్నాను. ఆ క్షణాన కూడా జాలి పడిందని ఆమె మీదే కోపమొచ్చింది. దేవుడిచ్చిన ముక్కు ఆమెకు ఉంది, నాకు లేదు. పోటీ ఉంటే ఓడిపోవచ్చు, పోటీయే లేదంటే ఏం చెయ్యాలి?

రోజూ పొద్దున ఆమె నాకు పాఠం చెప్పడం మొదలైంది. నిమ్మతొక్క, లవంగం, కాఫీపొడి, ఇంగువ. భార్య ముందు కళ్ళు మూసుకుని, "లవంగమా?" అని అడగడం ఎంత చిన్నతనమో ఆ పని చేసినవాడికే తెలుస్తుంది. కొన్నాళ్ళకు ఇంగువ, చాలా దూరం నుంచి పిలిచినట్టు, సన్నగా అందింది. నేను చెప్పగానే ఆమె చప్పట్లు కొట్టింది. సీసాలు ఎగరేసినప్పటి చప్పట్లకంటే ఇవి ఎక్కువ అవమానంగానూ, ఎందుకో ఎక్కువ తియ్యగానూ ఉన్నాయి.

ఆమె పరీక్ష మంచి మార్కులతో నెగ్గింది. రాయదుర్గం వైపే ఒక పెద్ద హోటల్లో, అచ్చం ఆ బెంగళూరు అతని లాంటి ఉద్యోగం వచ్చింది. కోటు కుట్టించుకోవడానికి నేనే దర్జీ దగ్గరకు తీసుకెళ్ళాను. పిన్ను పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ, "వంకరగా ఉందా?" అని అడిగింది. సర్దాను. నా వేళ్ళు ఆ పిన్ను మీద అక్కర్లేనంత సేపు ఉండిపోయాయి.

ఆ వారమే మేడమ్ ఫోను చేసింది. నా సంగతి మా ఆవిడ చెప్పిందట. "వైన్ వ్యాపారమంటే ముక్కొక్కటే కాదండీ. సరుకు కొనాలి, సరైన చల్లదనంలో నిలవ ఉంచాలి, లైసెన్సు రూల్స్ తెలియాలి, అమ్మాలి. మామూలు రోజుల్లో ఆ కోర్సుంది. హోటల్లో మీకున్న అనుభవం దానికి సరిపోతుంది. ఒకసారి వచ్చి చూడండి" అంది.

ఈసారి ఎవరినీ తోడు తీసుకెళ్ళలేదు. క్లాసు బయట ఇద్దరు పాత విద్యార్థుల్ని పట్టుకుని, ఎక్కడ పనిచేస్తున్నారు, నేర్చుకున్నది పనికొచ్చిందా అని అడిగాను. నిలవగది చూపించమన్నాను. పాఠం చెప్పే ఆయన ఇంతకుముందు ఏం చేశాడో కనుక్కున్నాను. ఇవన్నీ ఆమె అడిగే ప్రశ్నలేనని తెలుసు. అయినా అడిగాను. దిల్‌సుఖ్‌నగర్ డైరెక్టరుకు ఇక రానని చెప్పేశాను.

మొదటి రోజు క్లాసులోకి మేడమ్ కూడా వచ్చింది. నన్ను చూసి ఆనందంగా, అందరికీ వినపడేలా అంది. "ఈయన ఎవరనుకున్నారు? పోయిన బ్యాచ్‌లో ఫస్టు వచ్చిన అమ్మాయి భర్త!"

అందరూ మర్యాదగా చప్పట్లు కొట్టారు. కాలేజీలో మార్కులు నావే ఎక్కువని చెప్పాలనిపించింది. చెప్పలేదు. కిటికీ పక్కన ఖాళీ కుర్చీ చూసుకుని, కూర్చుని, పుస్తకం తెరిచాను.