కూత మార్చిన క్వార్టర్‌బ్యాక్

లింబాద్రికి కాళ్లే ఆస్తి. ఆర్మూరు దగ్గర సొంతూళ్లో కబడ్డీ ఆడే రోజుల్లో అతను కూతకు వెళ్లాడంటే ఎదుటి జట్టు చేతులకు గాలి తప్ప ఏమీ దొరికేది కాదు. సౌదీలోని అల్ ఖోబర్‌కు ఏసీ మెకానిక్‌గా వచ్చాక ఆ కాళ్లు నిచ్చెనలు ఎక్కడానికే పనికొచ్చాయి. వారమంతా అందరూ అతన్ని "సదీక్" అనే పిలిచేవారు. మిత్రమా అని అర్థం. పేరు తెలియకపోయినా సరిపోయే పిలుపు. శుక్రవారం సాయంత్రం మైదానంలో మాత్రమే అతను లింబాద్రి.

అక్కడ కంపెనీల వాళ్లు అమెరికా ఫుట్‌బాల్ ఆడతారు. పడదోసుకునే రకం కాదు. బంతి పట్టినవాడి నడుముకు వేలాడే రిబ్బను లాగేస్తే వాడు ఆగిపోవాలి. ముందుగా బంతి అందుకుని, ఎవరికి విసరాలో తేల్చేవాడు క్వార్టర్‌బ్యాక్. రిబ్బను అందకుండా మెలికలు తిరిగే లింబాద్రిని చూసి కెప్టెన్ షాబాజ్ ఆ చోటు ఇచ్చాడు. పెషావర్ మనిషి; ముచ్చట ఎంత త్వరగా పడతాడో కోపమూ అంత త్వరగానే వస్తుంది.

రానే వచ్చింది. లింబాద్రి బంతి పట్టుకుంటే ఇక వదిలేవాడు కాదు. సందు కనిపిస్తే దూరేవాడు. మొదట్లో బాగానే గెలిచారు. తర్వాత ఎదుటివాళ్లు తెలివిమీరి అతని దారులన్నీ మూసేశారు. వరుసగా ఓటములే. "వచ్చే శుక్రవారం కూడా బంతి విసరకపోతే నీ చోట ఖాదర్ ఆడతాడు," అని షాబాజ్ హిందీలో తేల్చి చెప్పాడు. లింబాద్రికి అన్నం సయించలేదు. ఆ చోటు పోతే ఇక మిగిలేది నిచ్చెనలే.

విషయం పట్టుకున్నది ఇస్సాక్. కాకినాడ మనిషి, అదే కంపెనీలో డ్రైవరు, అదే జట్టులో ఆటగాడు, వయసులో పెద్ద, పరుగులో నెమ్మది. లింబాద్రి సాధన చేస్తుండగా దగ్గరికొచ్చి చెవి ఒగ్గాడు.

"ఏంట్రా గొణుగుతున్నావు?"

"కూత, అన్నా. కబడ్డీ కబడ్డీ." లింబాద్రి సిగ్గుపడ్డాడు. "నోరు దానంతటదే అంటది."

అసలు సంగతి అదన్నమాట. కూతకు వెళ్లినవాడు ఊపిరి అయ్యేలోపు, ఒంటరిగా, పని ముగించుకు రావాలి. బంతి చేతికి రాగానే లింబాద్రి ఊపిరి బిగుసుకునేది, కళ్లు దారి వెతుక్కునేవి. తనకో జట్టుందన్న సంగతే గుర్తుండేది కాదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఇస్సాక్ దాన్ని పోగొట్టాలనే అనుకోలేదు.

"కూత మానొద్దులే. కబడ్డీ బదులు మా పేర్లు అను. ముందు షాబాజ్, ఆనక ఖాదర్, చివర్న నేను. ఏ పేరంటే ఆ మనిషిని చూడు. ముగ్గురికీ వీలు లేకపోతే అప్పుడు పరిగెట్టు. నీ కాళ్లంటే వాళ్లకెలాగూ భయమే. నీకేసి చూస్తా మమ్మల్ని వదిలేత్తారు."

ఆ వారమంతా డ్యూటీ దిగాక క్యాంపు వెనక ఖాళీ జాగాలో ఇస్సాక్ మోకాళ్లు పట్టుకుంటూ పరిగెత్తాడు, లింబాద్రి విసిరాడు. మొదట బంతులన్నీ ఆయన వెనకే పడ్డాయి. మనిషి చేరబోయే చోటికి ముందే పంపాలని తెలిశాక ఒక్కొక్కటే చేతుల్లో వాలసాగాయి. పగలంతా ఎండలో బండి నడిపి వచ్చిన మనిషి ఒక్కసారీ విసుక్కోలేదు. తనకోసం ఇంత చేసేవాళ్లు ఇక్కడ ఇంకెవరున్నారని లింబాద్రికి కళ్లు చెమర్చేవి; చెమట తుడుచుకున్నట్టు తుడుచుకునేవాడు.

శుక్రవారం ఆట ఆఖరికి వచ్చేసరికి వాళ్ల జట్టు వెనకబడి ఉంది. బంతి చేతికొచ్చింది. కుడివైపు పెద్ద సందు. కాళ్లు జివ్వుమన్నాయి. షాబాజ్, అనుకున్నాడు, ఇద్దరు కాపలా. ఖాదర్, అతని వెనకా ఒకడు. లింబాద్రి ఒక్క అడుగు సందువైపు వేశాడు, ఎదుటివాళ్లంతా అటే ఉరికారు. ఇస్సాక్. ఆయన చుట్టూ ఎవరూ లేరు. ఆయన తల తిప్పకముందే బంతి గాల్లోకి లేచింది. తిప్పేసరికి చేతుల్లో ఉంది. ఇస్సాక్ నింపాదిగా మైదానం చివరి గీత దాటాడు; ఆట వాళ్లదే.

షాబాజ్ లింబాద్రిని అమాంతం ఎత్తుకున్నాడు. చోటు మార్చే మాట ఇక ఎవరూ ఎత్తలేదు. కిందికి దిగగానే లింబాద్రి ఇస్సాక్ దగ్గరికి పరిగెత్తి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అన్నా, అంతా నీ పుణ్యమే. ఇయ్యాల నువ్వు ఆడ ఉండబట్టే గెలిచినం."

ఇస్సాక్ ఇంకా రొప్పుతూనే ఉన్నాడు. "నేను మొదట్నుంచీ ఆ మూలే ఉంటున్నాన్రా. నువ్వే ఇయ్యాల చూసేవు."