పద్దెనిమిది నిమిషాల విన్నపాలు

మల్కాపురంలోని మా చర్చిలో తొమ్మిదేళ్లపాటు ఆదివారం ప్రకటనలు నేనే చదివాను. బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కనుక, గొంతు బాగుంటుందని సంఘ కార్యదర్శిని చేసి ఆ పని అప్పగించారు. చదవడం నాకు ఇష్టం. పుట్టినరోజులు, పెళ్లిరోజులు, స్త్రీల సమాజం కూడిక ఎవరింట్లో, యూత్ వాళ్ల పిక్నిక్ ఎప్పుడు, గేటుకు అడ్డంగా స్కూటర్లు పెట్టొద్దు... అన్నీ చదివి, మధ్యలో నా సొంత మాటలు ఒకటి రెండు కలిపేదాన్ని. జనం నవ్వేవారు. వాళ్లు నవ్వితే ఇంకొంచెం కలిపేదాన్ని.

మాకు ఆదివారం రెండు ఆరాధనలు. ఎనిమిదిన్నరకి మొదటిది, పదిన్నర దాటాక రెండోది. మొదటిదానికి వచ్చేవాళ్లలో స్టీల్‌ప్లాంట్‌లో రాత్రి షిఫ్టు దిగి సరాసరి వచ్చేవాళ్లూ, పోర్టులో పనిచేసేవాళ్లూ ఎక్కువ. పది ఇరవైకల్లా రెండో ఆరాధనవాళ్లు వరండాలో చెప్పులు విడుస్తూ కనిపిస్తారు. అందుకని లోపల ఏదో ఒకటి కుదించాలి. కుదించేది ఎప్పుడూ విన్నపాల ప్రార్థనే. ఒకరి కష్టం ఒకరు చెప్పుకుని, అందరం కలిసి ప్రార్థించడానికి ఆరాధన క్రమంలో దానికంటూ ఒక చోటుంది. కానీ అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, "మీ మీ మనవులు మనసులో తలుచుకోండి" అని అర నిమిషం ఆగి, దీవెన చెప్పి ఆరాధన ముగించేసేవారు. మరీ పెద్ద కష్టమైతే తలుపు పక్కనున్న పెట్టెలో చీటీ వేయొచ్చు. రెండు మూడు నెలలకోసారి ఆ చీటీలు నేను కట్టకట్టి ఇస్తే, అయ్యగారు కట్టమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవారు. ఎవరూ విప్పి చదివేవారు కాదు. నేనూ చదవలేదు.

ఒక శనివారం ఉదయం చర్చి తుడిపిస్తుంటే పెట్టె నిండిపోయి ఒక చీటీ బయటికి పొడుచుకుని కనిపించింది. తాళం తీసి, బెంచీమీద కూర్చుని చీటీలు సర్దుతున్నాను. ఒకే చేతిరాత మళ్లీ మళ్లీ కనబడేసరికి చెయ్యి ఆగింది. రూళ్ల కాగితం, వంకర అక్షరాలు. "మా ఆయనకి మాట రావాలి." అలాంటివి ఆరు. ఏడోదాంట్లో మాత్రం "మా ఆయన కోసం ఎవులైనా ప్రార్దన సేత్తన్నారా" అని ఉంది.

ఎవరో వెంటనే తెలిసింది. మగవాళ్లవైపు మూడో బెంచీ చివర కూర్చునే మనిషి, పోర్టులో క్రేన్ ఆపరేటర్. పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ మాటా పోయాయి. చెయ్యి కొంత తిరిగింది కానీ మాట రాలేదు. ఆయనకు జబ్బు చేసిందని ఒక ఆదివారం నేనే ప్రకటించాను కూడా. పెళ్లిరోజులకూ పిక్నిక్‌కూ మధ్యన.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య పెరట్లో కత్తిపీట ముందు చేపలు బాగుచేస్తోంది. నన్ను చూసి చేతులు కడుక్కుని వచ్చింది.

"ఆ చీటీలు ఎవరూ చదవలేదమ్మా. తప్పు నాది," అన్నాను.

"నాకు తెల్సండి టీచరమ్మా," అంది. "సదివితే ఎవులో ఒకలు వచ్చి అడుగుతారు కదండి. అడగనేదు. అందుకే సదవనేదని అనుకున్నాను."

"మరి నన్ను అడగొచ్చు కదా?"

"మీరు మైకు కాడ ఉంటారు. ఏటని అడుగుతాం?"

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే కాస్త నయంగా ఉండేది. ఆయన మంచంమీద కూర్చుని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. నేను వందనాలు చెబితే ఎడమచెయ్యి ఎత్తాడు. పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు.

మర్నాడు ప్రకటనలు చదివేముందు ఫోన్‌లో టైం పెట్టుకున్నాను. ముగించేసరికి పద్దెనిమిది నిమిషాలు. నాకే నమ్మకం కలగలేదు. ఆరాధన అయ్యాక అయ్యగారి దగ్గరికి వెళ్లి, ఆ పద్దెనిమిదీ విన్నపాలకు ఇచ్చేద్దామన్నాను.

"మరి ప్రకటనలు?"

"బోర్డుమీద అంటిస్తాను. వాట్సాప్‌లో పెడతాను."

ఆయన తల అడ్డంగా ఊపారు. "మైకిస్తే ఒక్కొక్కరు అరగంట మాట్లాడతారండీ. లేదంటే ఎవరూ నోరు విప్పరు. రెండూ చూశాను నేను."

కమిటీలో ఒక పెద్దాయన, స్టీల్‌ప్లాంట్‌లో ఫోర్‌మెన్‌గా చేసి దిగినాయన, అసలు ఒప్పుకోలేదు. పుట్టినరోజు పేరు చదవకపోతే జనం నొచ్చుకుంటారన్నాడు. ఒక్క నెల చూద్దాం, కుదరకపోతే మళ్లీ నేనే చదువుతానని బతిమాలాను. ఒప్పించి ఇంటికి వెళ్తుంటే మాత్రం ఇక నన్నెవరూ గుర్తుపెట్టుకోరేమోనని మనసు పీకింది. అదీ ఒప్పుకోవాలి.

మొదటి ఆదివారం మైకు ఎవరికీ ఇవ్వలేదు. కూర్చున్నచోటునుంచే చెప్పమన్నారు అయ్యగారు. ఎవరూ లేవలేదు. ఫ్యాన్ల చప్పుడు, బయట లారీ హారన్లు. రెండు నిమిషాలు గడిచాయి. ఫోర్‌మెన్ నావైపు తిరిగి చూశాడు. లేచి ఏదో ఒక సరదా మాట అనేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగించి కూర్చున్నాను.

అప్పుడు ఆ క్రేన్ ఆపరేటర్ భార్య లేచింది. "మా ఆయనకి మాట నేదు. ఆస్పటల్లో మేడం 'అ' అను, 'ఆ' అను అంటది. రాపోతే కోపమొచ్చీసి అన్నం పల్లెం ఇసిరీస్తన్నాడు. మాట ఎప్పుడొస్తే అప్పుడొస్తది. ముందు పల్లెం ఇసరకుండా ప్రార్థన సెయ్యండి."

ఎవరో నవ్వారు. ఆమెకీ నవ్వొచ్చింది. తలొంచుకున్న ఆయన భుజాలు కూడా కదిలాయి. ముందు బెంచీవాళ్లు వెనక్కి తిరిగి ఆయనమీద చేతులుంచారు. చర్చి మొత్తం ఒక్క గొంతుతో ప్రార్థించింది. ఆ తర్వాత యూనిఫాంలోనే ఉన్న ఒక స్టీల్‌ప్లాంట్ మనిషి లేచి, "నాకు నిద్దర పట్టట్నేదండి. ఇంట్లో అందరిమీదా అరుస్తన్నాను," అని కూర్చున్నాడు. అతని భార్య ఆడవాళ్లవైపునుంచి అతణ్ణి అలా చూస్తూ ఉండిపోయింది. దీవెనకు ముందు ఇంకో తొమ్మిదిమంది లేచారు.

నెల తిరిగేసరికి కమిటీ కూర్చుంది. అందరికంటే ముందు మాట్లాడింది ఫోర్‌మెనే. "నా పక్కన ఇరవయ్యేళ్లబట్టి కూకునేవోడికి సుగరుందని మొన్నే తెలిసింది నాకు. దీన్ని తియ్యకండి," అన్నాడు. అన్ని చేతులూ లేచాయి.

వానాకాలంలో ఒక ఆదివారం విన్నపాలు దాదాపు అయిపోయాయి. మూడో బెంచీ చివర ఆయన ముందు బెంచీని పట్టుకుని లేచాడు. భార్య ఆయన తరఫున చెప్పబోయింది. ఆయన ఎడమచెయ్యి చాచి కూర్చోమన్నాడు. వరండాలో జనం నిండారు. అయ్యగారు ఒక్క అడుగు ముందుకు వేసి ఆగిపోయారు. మేమంతా ఎదురుచూశాం. ఆయన మెడనరాలు ఉబ్బాయి.

"ఈ..." అన్నాడు. చాలాసేపటికి, "ఈవిడకి," అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "మో... కాలు." మళ్లీ ఊపిరి. "నొప్పి."

ఆమె పక్కకు తిరిగింది. "నా మోకాలు సంగతి నానెవులికీ సెప్పనేదు," అంది పక్కనున్నావిడతో. పైటతో మొహం కప్పుకుని కూర్చుంది. ఏడ్చింది. ఆయన మాత్రం కూర్చోలేదు, ప్రార్థన మొదలుపెట్టేదాకా మమ్మల్ని చూస్తూ నిలబడ్డాడు. ఒక మోకాలి కోసం అంతమంది అంత గట్టిగా ప్రార్థించడం నేనెన్నడూ వినలేదు. వరండాలో ఉన్నవాళ్లు తడిసిన గొడుగులతోనే లోపలికొచ్చి గోడలవెంట నిలబడి ఆమెన్ అన్నారు. ఆవేళ రెండు ఆరాధనలూ కలిసిపోయాయి.

తర్వాతి వారం ఆమె డాక్టరుకి చూపించుకుంది. ఆయనకు ఇప్పుడు పాతిక ముప్పై మాటలు వచ్చాయి. సగం కూరలో ఉప్పు గురించేనట. మొన్న ఆదివారం లేచి, తన క్రేన్‌మీద ఇప్పుడు పనిచేస్తున్న కొత్త ఆపరేటర్ కోసం అడిగాడు. "అంతెత్తు... గాలి... వోడు... జాగర్త," అన్నాడు. పోర్టువాళ్లు కూర్చునే బెంచీలన్నీ లేచి నిలబడ్డాయి.