మా వదిన తొట్టిలో దొంగపూలు

మా వదిన పోయింది. మనుబోలులో మా ఇంట్లో దోసెల పిండి కలుపుతుంటే ఫోను మోగింది. అన్న గొంతు. "మీ వదిన లేస్తా లేదు అమ్మణ్ణీ," అన్నాడు. నేను ఎంత మొద్దుదాన్నంటే, "నీళ్ళు చల్లి లేపన్నా," అన్నాను. అవతల నుంచి ఏడుపు వినబడింది. అప్పుడు అర్థమైంది. బస్సెక్కి నెల్లూరు చేరేదాకా నా వేళ్ళకు పిండి అలాగే ఎండిపోయి ఉంది.

మా వదిన టైలరు. ఇంటి ముందుగదిలో మిషను, మిషను పక్కన సముద్రం. సముద్రమంటే మాటవరసకు అనడం లేదు. గోడ పొడవునా గాజు తొట్టి, అందులో ఉప్పునీళ్ళు, రాళ్ళు, రాళ్ళ మీద ప్రాణమున్న పగడాలు. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు చేతులెత్తి నిలబడి, కొలతలు అయిపోయినా దించడం మరిచిపోయి ఆ తొట్టినే చూస్తుండేవాళ్ళు.

నాకు మాత్రం మొదట్లో అదంటే ఒళ్ళుమంట. నెల్లూరులో పుట్టి, చేపల్ని పులుసు పెట్టుకోకుండా చూస్తూ కూర్చుంటారా ఎవరైనా? ఆ మాటే అంటే, "నువ్వు గమ్మునుండు మే. పులుసుకు వేరే చేపలుండాయి," అని నా నోరు మూయించేది.

ఆదివారం చర్చి అయిపోగానే, కట్టుకున్న చీరతోనే ఆటోలో ఖాళీ క్యాన్లు వేసుకుని సముద్రపు నీళ్ళకు మైపాడు పోయేది. ఒడ్డున పట్టిన నీళ్ళు ఆమెకు పనికిరావు. వేటకు పోయే పడవాయన బాగా లోపలికి పోయాక నింపి తెచ్చేవాడు. ఒకసారి నేనూ వెంట పోయాను. ఆయన క్యాను దించగానే వదిన మూత తీసి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

"ఏంమ్మా, ఉప్పు సరిపోయిందా?" అన్నాడాయన.

"రవ్వంత తగ్గింది. ఈసారి చూసి వెయ్యి," అన్నది వదిన, మొహంలో నవ్వన్నది లేకుండా. పడవలో వలలు సర్దుకుంటున్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఆమెతో ఎక్కడికి పోయినా ఇంతే, ఇంటికొచ్చేసరికి నవ్వి నవ్వి నాకు కడుపునొప్పి పుట్టేది.

పగడాలు చెన్నై నుంచి వచ్చేవి. అక్కడ ఒకాయన తొట్లలోనే పెంచి, ముక్కలు చేసి అమ్ముతాడు. సముద్రంలోంచి పీకిన పగడాన్ని వదిన ముట్టేది కాదు. అది నేరం, నేరం కాకపోయినా నేను కొనను అనేది. పార్సిలు వచ్చాక కూడా ఆ ముక్కను నేరుగా తొట్టిలో పెట్టేది కాదు. వంటింటి మూల ఒక టబ్బు, దానికో చిన్న లైటు, నీళ్ళు తిప్పడానికి చిన్న మోటారు. కొత్త పగడం వారాల తరబడి అందులో ఉండాల్సిందే. రోజూ పొద్దున్నే సూదిలో దారమెక్కించే కళ్ళద్దాలు పెట్టుకుని, టార్చీ వేసి, దాని అడుగూ అంచులూ చూసేది.

"దానిమీద అంత అనుమానమేంది వదినా?" అన్నాను.

"అనుమానం కాదు మే. కొత్తగా వచ్చినదాన్ని కొన్నాళ్ళు కనిపెట్టి చూడాల. నేనీ ఇంటికొచ్చినప్పుడు మీ అమ్మ నన్నిట్టనే చూళ్ళా?"

ఆమె వెతికేది దొంగపూల కోసం. ఆ జీవికి ఇంగ్లీషులో ఐప్టేసియా అని పేరట. దొంగపూలన్నది వదిన పెట్టిన పేరు. లేత గోధుమరంగు, వెంట్రుకల్లాంటి రేకులు, చూడ్డానికి ముద్దొస్తుంది. కొత్త పగడం అడుగున ఆవగింజంత అయి దాక్కుని వస్తుంది. మన నీడ పడితే చాలు, రాతి సందులోకి ముడుచుకుపోతుంది. పక్కనున్న పగడాన్ని ఆ విషపు రేకులతో తాకి తాకి చంపి, ఆ చోట తాను కాపురం పెడుతుంది.

మొదటిసారి ఒకటి కనబడ్డప్పుడు వదిన టైలరు చేసే పనే చేసింది. తప్పు కుట్టు విప్పే చిన్న కత్తితో దాన్ని రాతి మీద నుంచి గీకిపారేసింది. రాతికి అంటుకుని మిగిలిన తునకల్లోంచి మళ్ళీ మొలిచాయి. నీళ్ళలో కొట్టుకుపోయిన తునకలు ఎక్కడెక్కడో మొలిచాయి. "కుట్టు విప్పితే పోతాది. ఇది విప్పేకొద్దీ వస్తాది గదే," అని తల పట్టుకుంది.

చివరికి సున్నంతో దారి దొరికింది. పాన్‌షాపు నుంచి ఏమీ కలపని తెల్ల సున్నం తెచ్చి, చిక్కగా కలిపి సిరంజిలోకి తీసేది. మోటారు ఆపి, నీడ పడకుండా పక్కనుంచి చెయ్యి పోనిచ్చి, పువ్వు నోటి మీద ఒక్క చుక్క. రోజుకు కొన్నిటికే. ఆశపడి ఒక్కసారే పోస్తే నీళ్ళు పాడై తొట్టంతా చస్తుంది. నా చేత కూడా చేయించింది. నాకు వణుకు. "చెయ్యి వణికితే ఆపెయ్ మే. రేపు చేద్దాం. అది యాడికి పోతాది?" అనేది. కోపమొస్తే గిన్నెలు విసిరే మనిషిని నేను. ఓర్పన్నది కాస్తో కూస్తో ఉందంటే ఆమె ఆ తొట్టి దగ్గర నేర్పిందే. ఆ మాట ఆమెతో చెప్పలేదు, చెప్పి ఉంటే నన్ను ఏడిపించి చంపేది.

సమాధుల తోట నుంచి తిరిగొచ్చి అందరం ముందుగదిలో కూర్చున్నాం. సందెవేళ తొట్టి మీద నీలం లైటు దానంతటదే వెలిగింది. వదిన టైమరు పెట్టి ఉంచింది, అంతే. అయినా గదిలో ఉన్నవాళ్ళందరి తలలూ మిషను వైపు తిరిగాయి. ఖాళీ కుర్చీ మీద నీలం వెలుగు పడి ఉంది.

కొన్ని వారాలకు మళ్ళీ పోయాను. అన్న గుమ్మంలోనే ఎదురొచ్చాడు. గడ్డం పెరిగి, మనిషి సగమయ్యాడు గానీ కళ్ళలో ఏదో వెలుగు. "రా అమ్మణ్ణీ, నీకొకటి చూపించాల," అని చెయ్యి పట్టుకుని తొట్టి దగ్గరికి లాక్కుపోయాడు.

రాళ్ళ నిండా దొంగపూలు.

"చూడు, మీ వదిన ఎట్ట పూస్తా ఉందో," అన్నాడు అన్న. "ఆమె ఉన్నప్పుడు ఒక్కటీ లేదు. పోయినాక వచ్చినాయి. నేను దగ్గరికి పోతే ముడుచుకుంటాయి. సిగ్గు. పెళ్ళైన కొత్తలో అట్టనే ఉండేది."

వంటింట్లోకి పోయి చూశాను. టబ్బు ఖాళీగా ఉంది. వదిన ఆఖర్న తెప్పించిన పగడం అందులో ఉండాలి.

"పాపం, దాన్ని ఒంటరిగా ఆ మూల ఎట్ట వదిలేది? పెద్దతొట్లో పెట్టినా," అన్నాడు అన్న.

అన్నకు తొట్టి సంగతి తెలియదు. క్యాన్లు మోయడం వరకే ఆయన వంతు. ఆమె మొట్టమొదట పెంచిన ఆకుపచ్చ పగడం ఒక పక్క ముడుచుకుపోయి, తెల్లటి ఎముక బయటపడుతోంది. ఊరుకుంటే ఆమె పెంచినవన్నీ చస్తాయి. చెబితే ఈయన చేతిలోంచి భార్యను రెండోసారి లాక్కున్నట్టే. దేవుడా, ఈ మాట నా చేతే చెప్పించాలా అనుకున్నాను.

"అన్నా, ఇవి వదిన కాదు. వదిన వీటిని సున్నం పెట్టి చంపేది," అన్నాను.

అన్న ఆకుపచ్చ పగడం వైపు చూశాడు, వంటింట్లోని ఖాళీ టబ్బు వైపు చూశాడు. చొక్కా వేసుకుని బయటికి పోయి సున్నం పట్టుకొచ్చాడు.

నేను మోటారు ఆపాను. సిరంజి నన్ను పట్టుకోనివ్వలేదు, తనే పట్టుకున్నాడు. ఒక్కో చుక్కకూ "పో తల్లీ" అన్నాడు. తెల్లటి సున్నం కింద ఒక్కొక్కటే ముడుచుకుపోయింది. ఆయన చెయ్యి వణకలేదు, నేనే గోడకు ఆనుకుని ఏడ్చాను. మర్నాడు మళ్ళీ, ఆ మర్నాడు మళ్ళీ, అన్నీ పోయేదాకా తానే చేశాడు.

ఇప్పుడు తొట్టి తేరుకుంది. ఆకుపచ్చ పగడం ఎముక మీద కొత్త చర్మం కమ్ముకొస్తోంది. మొన్న పొద్దున్నే మొదటి బస్సుకు పోయేసరికి, అన్న తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, టార్చీ వేసి రాతి సందులు ఒక్కొక్కటే వెతుకుతున్నాడు.

"ఏందన్నా, మళ్ళా వచ్చినాయా?"

"లేదు. ఒకటన్నా మిగిలిందేమో అని చూస్తా ఉండా."

సున్నం కలుపుదామని వంటింట్లోకి పోబోయి ఆగిపోయాను. అన్న రెండో చేతిలో చిన్న రొయ్య ముక్క ఉంది, ఒకటన్నా మిగిలి ఉంటే దానికి పెట్టడానికి.